పాట ఆగితే చెయ్యి తియ్యి

మా అక్క రోజలిన్ ఆ రోజు పొద్దున్నే నా నెత్తిన పెట్టిన పని ఇది: మా బావకి చెవులు వినబడుతున్నాయో లేదో సాయంత్రంలోగా తేల్చి చెప్పాలి. వినబడటం లేదని తేలితే ఆయన చేత కరెంటు పని మాన్పించేస్తుంది. వినబడుతున్నాయంటే ఇక ఆ ఊసెత్తదు. నేను ఏ మాట చెబితే ఆ మాటే.

"నాకు మేస్త్రీ అక్కర్నేదురా రూఫసూ. మొగుడు కావాల," అంది టీ గ్లాసు నా చేతిలో పెడుతూ. "మొన్న కశింకోట రోడ్డు మీద ఎనకమాల ఆటోవోడు హారను కొట్టి కొట్టి సచ్చేడంట. మీ బావ పక్కకి జరగనేదు. ఆడు దిగొచ్చి నానా మాటలూ అంటే ఈయన నవ్వేడంట. ఆ తిట్లు ఇనబడి నవ్వేడనుకోవాలా, ఇనబడక నవ్వేడనుకోవాలా?"

"బావ ఎవల మీద కోప్పడ్డాడక్కా ఇన్నాళ్ళలో. కోపమంతా మనింటోళ్ళకే ఇచ్చీసేడు దేవుడు."

"ఎటకారాలొద్దు. ఆ పనిలో ఒకడు ఆగమంటే ఇంకొకడికి ఇనబడాల. ఇనబడకపోతే నానేటైపోతానో నీకు తెల్దా?"

తెలుసు. అందుకే టీ సగంలోనే వదిలేసి లేచాను. నాకు కూర్చుని టీ తాగే అలవాటు ఎలాగూ లేదు, ఆ రోజు అసలు కుదరలేదు.

నేను అడగలేదనుకోకండి. ముఖం మీదే అడిగాను. "నా సెవులకేటొచ్చిందిరా, నీ నోరే సరిగ్గా నేదు, మాటలు నమిలీత్తావు" అన్నాడు. నా నోరు మంచిది కాదని ఊరంతా అనే మాటే గనక నేను తగ్గాను. విశాఖపట్నం పోయి చెవుల డాక్టరుకి చూపిద్దాం రమ్మంటే, "డాక్టరుకి సెవుల్లేవేటి, నావెందుకు ఆయనకి" అని కొట్టి పారేశాడు. సెల్‌ఫోను కొనుక్కోమంటే వద్దంటాడు. చర్చిలో పాట అందరూ ఎత్తుకున్నాక ఆయన ఎత్తుకుంటున్నాడు. ఇవన్నీ చూస్తే చెముడే. కానీ గోడ దగ్గర నిలబెట్టి పని ఇచ్చామంటే ఒక్క తప్పు ఉండదు. చెముడున్నవాడు అలా ఎలా చేస్తాడు?

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఆయనకి వినబడుతోందనే తేలాలని నేను కోరుకున్నాను. బడిలో మేష్టారితో దెబ్బలాడి బయటికి వచ్చేసినప్పుడు, మీసాలైనా రాని నన్ను మా ఇంటి అల్లుడిగా వచ్చిన ఎలియాజరు బావ వెంట తీసుకుపోయాడు. నాకు వచ్చిన విద్య అంతా ఆయన పెట్టిందే. ఆయన లేకుండా ఇంకొకడితో గోడకి అటూ ఇటూ నిలబడి పని చేయడం నా వల్ల కాదు. ఇంకొకడైతే నా నోటికి ఒక్క పూట కూడా ఆగడు.

మా పని గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. ఇల్లు కడుతున్నప్పుడు గోడల్లో వైర్లు వేయడం ఎవడైనా వేస్తాడు. కట్టి, పూసి, రంగులేసి, గృహప్రవేశం చేసి భోజనాలు పెట్టాక, ఏడాదికి "ఇక్కడో ఏసీ పెట్టాలి, గోడ మాత్రం పగలకూడదు" అంటారు చూడండి, అప్పుడు మేం కావాలి. గోడలో అప్పటికే ఉన్న సన్నటి పైపులోకి ముందు స్టీలు తీగ పంపిస్తాం. అది అవతల బయటపడ్డాక దాని కొసకి కేబుల్ కడతాం. కింద ఒకడు తోస్తూ ఉంటే పైన ఒకడు లాగుతూ ఉండాలి. ఒకరికొకరు కనబడరు. తోసినప్పుడు లాగకపోతే కేబుల్ లోపల మడత పడుతుంది. తోయనప్పుడు లాగితే తోలు ఊడిపోతుంది. ఇద్దరి చేతులూ ఒక్క మనిషి చేతుల్లా నడవాలి.

అందుకు మా బావ కనిపెట్టిన ఉపాయం పాట. ఆయనది చర్చి పాటల గుంపులో అందరికంటే కింద పలికే గొంతు. తోసేవాడు కీర్తన ఎత్తుకుంటాడు, లాగేవాడు పాట సాగినంతసేపూ మెల్లగా లాగుతూ, ప్రతి చరణం చివరి మాట దగ్గర గట్టిగా లాగుతాడు. పైపు బోలుగా ఉంటుంది గనక గొంతు దానిలోంచే పోయి అవతల పలుకుతుంది. ఇంకో రూలు కూడా ఉంది. పాడేవాడు మెయిన్ స్విచ్ దగ్గర కాపలా కూర్చుంటాడు. పాట వినబడుతోందంటే కరెంటు లేదని, తీగలు ముట్టుకోవచ్చని అర్థం. పాట ఆగితే చెయ్యి తీసేయాలి. ఎందుకు, ఏమిటి అని అడగకూడదు, ముందు చెయ్యి తీయాలి. మమ్మల్ని అనకాపల్లిలో పాటల మేస్త్రీలంటారు. ఉప్మాక ఊళ్ళో ఒకాయన నుదుట నామాలు పెట్టుకుని మా పక్కన పీట వేసుకుని కూర్చుని, మా కీర్తనకి పని అయ్యేదాకా తాళం వేశాడు.

అక్క చెప్పిన పరీక్ష కూడా ఇదే. "నువ్వు పాడతా పాడతా మద్దెలో ఆపీ. ఆయన సెయ్యి ఆగిందంటే ఇనబడతన్నట్టు. ఆగకపోతే సాయంత్రం నానే సామాన్ల సంచి అటక మీద పడీసి తాళం ఏసీత్తాను," అంది.

ఆ రోజు పని త్రినాధరావు గారింట్లో. ఆయనకి బెల్లం మార్కెట్లో కొట్టుంది. కిందా పైనా కొత్త ఇల్లు, కిందటేడు మేమే వైరింగ్ చేశాం. కూతురు దివ్య పురిటికి వచ్చింది, మగపిల్లాడు పుట్టాడు. మే నెల ఎండకి పసిగుడ్డు ఒళ్ళంతా చెమటకాయలు పేలి ఏడ్చి ఏడ్చి నీలుక్కుపోతున్నాడు. సాయంత్రానికల్లా మేడ మీద గదిలో ఏసీ బిగించాలి. దానికి వెనక వసారాలో మీటరు దగ్గర్నుంచి వేరే దళసరి కేబుల్ పైకి పోవాలి. బావ ఇల్లు కట్టేటప్పుడే ఎప్పటికైనా పనికొస్తుందని ఒక ఖాళీ పైపు గోడలో పడేసి ఉంచాడు. అది మేడ మీద గదిలో పాత స్విచ్ బోర్డు వెనక తేలుతుంది.

త్రినాధరావు గారి భార్య గంగాభవాని గుమ్మంలోనే షరతు పెట్టింది. "సూడు అబ్బాయీ, నీకు పున్నెముంటాది, ఒక్క పెచ్చు రాలకూడదు. మొన్ననే రంగులేయించేం."

"పెచ్చు రాలితే నన్ను తిట్టండమ్మా. గానీ మాదో మాట ఇనాల. నాను పాడతన్నంతసేపూ మెయిన్ జోలికి రాకూడదు. పాట ఇనబడతందంటే కరెంటు ఎయ్యకూడదన్నమాట."

"బాగుంది మీ యవ్వారం. పాట బాగుంటే రోజంతా ఉక్కబోసుకు కూకోవాలేటి?" అని నవ్వి, ఏడుస్తున్న మనవణ్ణి భుజాన వేసుకుని లోపలికి పోయింది. బావ ఆవిడ నోటివంకే చూస్తూ, ఆవిడతో పాటే నవ్వాడు. అది చూసి నాకు మళ్ళీ అనుమానం పట్టుకుంది.

ఇక నా బుర్ర ఒక్కచోట నిలవలేదు. పని మీద ధ్యాస లేదు, ఆయన మీదే కన్ను. వెనక నుంచి "బావా, టీ తాగుదామా" అన్నాను. పలకలేదు. సంచిలో సామాన్లు ఏరుకుంటున్నాడు. అయితే చెముడే. కాసేపటికి నా చేతిలోంచి పటకారు జారి ఆయన కాళ్ళ దగ్గర గచ్చు మీద పడింది. చటుక్కున తిరిగి చూశాడు. అమ్మయ్య, వినబడుతోంది. మళ్ళీ పరీక్షిద్దామని వెనకే నిలబడి మెల్లగా "ముసలి గాడిద" అన్నాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. అయితే చెముడే. కానీ బావమరిది గాడిదంటే వినబడ్డవాడు మాత్రం పలుకుతాడా? ఇలా పూటంతా నాలో నేనే వాదించుకుని చచ్చాను. చెమట కారిపోతోంది. వెనక వసారాలో గాలి ఆడటం లేదు.

స్టీలు తీగ సగం దూరం పోయి ఆగిపోయింది. గోడ మలుపు దగ్గర ఏదో అడ్డం. నేను తోశాను, వెనక్కి లాగాను, మళ్ళీ తోశాను. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఈ గోడ కట్టినోడి సేతులు ఇరిగిపోనూ" అని మొదలుపెట్టి తాపీ మేస్త్రీని, ఇటుకల్ని, సిమెంటుని వరసపెట్టి తిట్టాను. పైన ఉన్న బావ ఎంతసేపటికీ తీగ రాకపోయేసరికి కిందికి దిగి వచ్చాడు. నన్ను పక్కకి జరగమని సైగ చేసి, తీగని రెండు వేళ్ళతో పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మెల్లగా తిప్పాడు. ఇంకొంచెం తిప్పాడు.

"మట్టిగెడ్డ," అన్నాడు. "గుద్దితే గట్టిపడిపోతాది. తిప్పితే పొడయిపోతాది. నీలాంటోడేలే అదీనీ."

అలా ఎంతసేపు తిప్పాడో గానీ నాకు మాత్రం ఒక యుగం పట్టినట్టుంది. నేను వసారా ఈ కొస నుంచి ఆ కొసకి పది సార్లు తిరిగాను. దివ్య కిటికీలోంచి చూసి "కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావేంటి మేస్త్రీ, ఆయన చూడు ఎంత నిదానంగా ఉన్నాడో" అంది. ఎవరైనా నన్ను నిదానంగా ఉండమంటే నాకు ఇంకా చిర్రెత్తుతుంది. కానీ బాలింతతో ఏం మాట్లాడతాం. చివరికి తీగ చేతిలో తేలికైంది. లోపలికి జారిపోవడం మొదలుపెట్టింది. బావ నా వీపు మీద చరిచి మళ్ళీ మేడెక్కాడు.

తీగ కొస పైన బయటపడింది. నేను కింద దానికి కేబుల్ కట్టి, ముడి మీద టేపు చుట్టి, సులువుగా జారడానికి పౌడరు రాశాను. మెయిన్ ఆపాను. గొంతు సవరించుకుని పైపు మూతి దగ్గర నోరు పెట్టి కీర్తన ఎత్తుకున్నాను. చరణం చివర పైనుంచి గట్టి లాగుడు వచ్చింది. రెండో చరణం, మళ్ళీ లాగుడు. తాళం తప్పలేదు. కేబుల్ మెత్తగా పోతోంది.

ఇక పరీక్ష. మూడో చరణం సగంలో టక్కున పాట ఆపాను.

కేబుల్ ఆగిపోయింది.

నమ్మలేదు. మళ్ళీ ఎత్తుకున్నాను, కదిలింది. ఈసారి ఇంకా ముందే, రెండో మాట దగ్గరే ఆపాను. ఆగింది. ఇంకోసారి పాట మొదలుపెట్టినట్టే పెట్టి ఆపాను. అప్పుడూ ఆగింది. మెత్తగా, ఏ విసురూ లేకుండా, నేను నోరు మూసిన క్షణాన అవతల చెయ్యి ఆగింది. ఇంతకంటే ఏం కావాలి? చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఇలా ఆగుతుందా? నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెమట కూడా ఉంది గనక ఎవరికీ తెలియదు. మిగతా పాట ఎంత గట్టిగా పాడానంటే లోపల్నుంచి గంగాభవాని "పిల్లోడు జడుసుకుంటన్నాడు, మెల్లిగా" అని అరిచింది.

కావలసినంత కేబుల్ పైకి పోయాక "సాలు" అని బావ కేక వినబడింది. ఇక ఆయన పని పాత స్విచ్ బోర్డు దగ్గర. ముందే దాని మూత ఊడదీసి స్విచ్చుల్ని విప్పి ఉంచాడు. లోపల ఉన్న తీగల కొసల్ని వేళ్ళతో పక్కకి తప్పించి, కేబుల్‌ని వాటి వెనక నుంచి ఏసీ పెట్టే గోడవైపు మళ్ళించాలి. ఆయన కిందికి దిగి వచ్చేదాకా నేను మెయిన్ దగ్గర కూర్చుని పాడుతూ ఉండాలి. అది రూలు.

కానీ ఆ సంతోషంలో నేను కూర్చోగలనా? అక్క పొద్దుటి నుంచి ఫోను దగ్గరే కూర్చుని ఉంటుంది. వెనక వసారాలో నా సెల్లుకి సిగ్నల్ రాదు. ఒక్క నిమిషం, ముందు వాకిట్లోకి పోయి ఒక్క ముక్క చెప్పి వచ్చేద్దామనుకున్నాను. వాకిట్లో మేడ మెట్ల పక్కన నిలబడి ఇంటికి ఫోను చేశాను.

"అక్కా, బావకి శుబ్బరంగా ఇనబడతంది. మూడుసార్లు సూసేను. నాను పాట ఆపితే టక్కుమని ఆగిపోతన్నాడు."

"దేవునికి స్తోత్రం" అంది. "ఒట్టేనా? నాకోసం అబద్దమాడత నేదు కదా?"

"నీమీదొట్టు. ఆయన సెవులకంటే మనకే బుర్ర నేదు. ఆటోవోడికేటి, ఆడు మామిడితోట కాడ్నించే హారను కొడతాడు. దానికి నువ్వు..."

ఇంటి పక్కన నీళ్ళ మోటారు గుర్రుమంది.

మోటారు. అంటే కరెంటు. తలెత్తి చూశాను. పగటివేళ వాకిట్లో లైటు కూడా వెలుగుతోంది.

ఏం జరిగిందో అప్పుడే అర్థమైపోయింది. పాట వినబడుతున్నంతసేపూ కరెంటు వేయొద్దన్నాను. పాట ఆగిపోయింది. పని అయిపోయిందనుకుని, ఉక్కపోతకి గుక్కపట్టిన మనవడికి ఫ్యాను వేద్దామని గంగాభవాని మెయిన్ వేసేసింది. నేను ఎలా చెబితే ఆవిడ అలాగే చేసింది.

"మెయిన్ ఆపండి" అని అరిచాను. మోటారు మోతలో ఎవరికి వినబడుతుంది. వెనక వసారాకి పోవాలంటే ఇల్లంతా చుట్టాలి. మెట్లు నా పక్కనే ఉన్నాయి. ఫోను జేబులో కుక్కి మెట్లెక్కాను. ఎక్కుతూనే అరుస్తున్నాను. "బావా, సెయ్యి తియ్యి. కరెంటొచ్చింది. సెయ్యి తియ్యి బావా." నా గొంతు వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్నావిడ వంగి చూసింది.

గది తలుపు తీసే ఉంది. బావ నాకు వీపు పెట్టి బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. బోర్డు మూత లేదు, తీగల కొసలు నగ్నంగా బయటికి వేలాడుతున్నాయి. ఎడమ చేత్తో కేబుల్ పట్టుకున్నాడు. కుడి చెయ్యి పటకారుతో దాని కొస చెక్కుతోంది. గుమ్మంలో నిలబడి మళ్ళీ అరిచాను. ఆయనకీ నాకూ మధ్య ఒక మంచం ఉంది, అంతే. నా అరుపుకి కిటికీ అద్దం అదిరింది గానీ ఆయన వీపు కదల్లేదు. చెక్కడం అయిపోయింది. పటకారు జేబులో పెట్టుకున్నాడు. కుడి చేతి వేళ్ళు చాపి బోర్డులోకి పెట్టబోతున్నాడు.

నేను మంచం దాటి పోయేలోగా అయిపోతుంది. గచ్చు మీద కేబుల్ చుట్టలు చుట్టలుగా గుమ్మందాకా పడి ఉంది. ఏం ఆలోచించానో తెలియదు. వంగి దాన్ని రెండు చేతులా పట్టుకుని ఒక్క గుంజు గుంజాను.

ఆయన కుడి చెయ్యి టక్కున ఆగింది. వెనక్కి వచ్చేసింది. తిరిగి చూడలేదు, ఏమిటని అడగలేదు. ముందు చెయ్యి తీసి, తర్వాత మెల్లగా తల తిప్పాడు.

కింద వసారాలో ఉన్నప్పుడు ఎలా ఆగిందో అచ్చం అలాగే ఆగింది ఆ చెయ్యి. అప్పుడు తెలిసింది నాకు. పాట ఆపిన ప్రతిసారీ నా చెయ్యి కూడా తోయడం ఆపేసింది. నేను గమనించనే లేదు. ఆయనకి వినబడింది నా పాట కాదు. నా చెయ్యి.

"ఏటి? ఎందుకలాగ గుంజేవు?" అన్నాడు బావ. నా ముఖం చూశాడు. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు. జేబులోంచి టెస్టరు తీసి వేలాడుతున్న ఒక తీగ కొసకి ఆనించాడు. లోపలి బుల్లి దీపం ఎర్రగా వెలిగింది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, టెస్టరు జేబులో పెట్టుకుని, మంచం అంచున కూలబడ్డాడు.

నేను కిందికి పరుగెత్తి మెయిన్ ఆపి, ఫ్యూజులు ఊడబీకి జేబులో వేసుకుని మళ్ళీ పైకి వచ్చాను. గంగాభవాని వెనకే వచ్చి "పాట ఆగిపోతే అయిపోనాదనుకున్నాను నాయనా, నాకేటి తెలుసు" అంది. ఆవిడ తప్పేం లేదని చెప్పి పంపేశాను. ఆవిడ పోయాక నాలో ఉన్నదంతా కట్ట తెగింది. ఆయన ముఖం చూస్తే తిట్టలేను గనక కిటికీవైపు తిరిగి తిట్టడం మొదలుపెట్టాను.

"నీకు బుద్దుందా బావా? సెవులు పోతే పోనాయని ఒక్క మాట సెప్పడానికి నీకేటి నొప్పి? ఈపాటికి మా అక్క గుండెలు బాదుకుంటా ఈది మద్దెన పడేది. నాను ఆ మొకం ఎలాగ సూత్తును? అబద్దాలకోరువి. మొండోడివి. నమ్మించి గొంతు కోసీసేవు." ఇంకా ఏమేమి అన్నానో ఇక్కడ రాయలేను. ఏడుస్తూనే అన్నాను.

వెనక నుంచి నా భుజం మీద చెయ్యి పడింది.

"ఇటు తిరిగి తిట్టరా," అన్నాడు బావ. "అటు తిరిగితే నాకెలాగ తెలుత్తాది?"

తిరిగాను. ఆయన నా పెదాలవంక చూస్తూ నిలబడ్డాడు, తిట్టు కోసం.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను.

"ఎడం సెవి ఎప్పుడో పోనాది. కుడిది మెల్లిమెల్లిగా. పోయిన క్రిస్మస్ నాటికి మొత్తం." మంచం మీద కూర్చున్నాడు. "నువ్వు పాడితే తీగ వణుకుతాది రూఫసూ. తోసినప్పుడొకలాగ, ఆపినప్పుడొకలాగ. అది సాల్లే అనుకున్నాను. తీగ సేతిలో ఉన్నంతసేపూ నాకు సెముడున్నట్టే ఉండదు. సేతిలోంచి తీసీమంటే మరేటి మిగుల్తాది నాకు?"

"మరి ఇందాక తీగ నా సేతిలో నేదు. ఉంటే సరే, నేకపోతే?"

బావ కుడి చేతి వేళ్ళు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

జేబులో ఫోను మోగింది. అక్క. ఎత్తగానే గలగలా మాట్లాడేస్తోంది. "ఒరే, ఫోనలాగ మద్దెలో పెట్టీసేవేటి? నాను కోడిని తెప్పించేను, రేత్తిరికి మీరిద్దరూ బేగొచ్చీయండి. పాస్టరమ్మగారికి కూడా సెప్పీసేను, మా ఆయనకి సెవులు బాగున్నాయమ్మా అనీసి. ఓసారి మీ బావకియ్యి, నా నోటితో నాను సెప్తాను, ఇన్నాళ్ళూ సతాయించేనని."

ఏం చెప్పను? మూడు ముక్కల్లో చెప్పేయొచ్చు. అక్కా, నేను పొరబడ్డాను అని. నోరు తెరిచాను. నా ముఖం చూస్తున్న బావకి ఎవరో, ఏం అడుగుతోందో అర్థమైపోయింది. చెయ్యి చాపాడు. ఫోను అంటే ఆమడ దూరం పోయే మనిషి.

"వొద్దు బావా. నాను సెప్తాను."

"ఇయ్యి."

ఇచ్చాను. దాన్ని రెండు చేతులా పట్టుకుని, అందరూ ఎలా పెట్టుకుంటారో అలాగే కుడి చెవికి ఆనించుకున్నాడు.

"రోజీ," అన్నాడు. చెవులు వినబడని మనుషులు ఎంత గట్టిగా మాట్లాడతారో అంత గట్టిగా. "రోజీ, నాకు ఇనబడదు. ఆడు నీకేటి సెప్పేడో గానీ అది నిజం కాదు. ఆడికి తెలీక సెప్పేడు. నాకు మొత్తం పోనాది. ఈయేళ పేణం మీదికొచ్చి ఆగింది. రేపట్నించి తీగ ముట్టుకోను." ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. "ఇప్పుడు నువ్వేటంటన్నావో కూడా నాకు తెల్దు."

ఫోనులోంచి మా అక్క గొంతు నా దాకా వస్తోంది. మాటలు లేవు అందులో. బావ ఫోను దించకుండానే నావైపు చూశాడు.

"ఏటంటంది?"

"ఏడుత్తంది బావా," అన్నాను, ఆయనకి నా పెదాలు కనబడేలా.

తల ఊపాడు. ఫోను తిరిగి ఇచ్చేస్తాడేమోనని చెయ్యి చాపాను. ఇవ్వలేదు.

"ఏడవనీ," అన్నాడు. "నాను పట్టుకునే ఉంటాను."

ఫోను అలాగే చెవికి ఆనించుకుని మంచం అంచున కూర్చున్నాడు.